స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమాల చరిత్ర: తెలుగునాట దాని పరిరక్షణ

ఇంట్లో, వీధిలో, పొలంలో, పోలీస్ స్టేషన్‌లో ఆడవాళ్ల మీద జరిగే హింసను ఎదిరించిన వాళ్ల కథను కాగితం మీద, టేపు మీద, ఫొటోలో, పాటలో, మనుషుల జ్ఞాపకంలో నిలిపి ఉంచే పనికి ఇక్కడ చరిత్ర పరిరక్షణ అని పేరు. హింసకు సంబంధించిన రికార్డులకు మనకు కొదవ లేదు. ఎఫ్‌ఐఆర్‌లు, శవపంచనామాలు, కోర్టు తీర్పులు, జిల్లా పేజీల్లో ఒంటికాలం వార్తలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ఆడమనిషి ఫిర్యాదుదారుగానో, మృతురాలిగానో కనిపిస్తుంది. ‘స్టవ్ పేలి వివాహిత మృతి’, ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య’ అని తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి రాసిన వాక్యాల వెనక ఏం జరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. రాతలోకి మాత్రం అది రాలేదు. ఆమె ఆ ముందు రోజు ఎవరికి చెప్పుకుంది, ఎవరు ఆమె పక్షాన నిలబడ్డారు, ఏ పెద్దమనుషుల పంచాయితీ ఆమెను వెనక్కి పంపింది అనే సంగతులు ఏ దస్త్రంలోనూ దొరకవు. వాటిని స్త్రీలే పోయి అడిగి, రాసుకున్న చోట మాత్రమే మిగిలాయి. తెలుగునాట ఆ పని ఎక్కడెక్కడ ఎలా జరిగిందో, ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన పెద్దపంజాణి, పుంగనూరు, కుప్పం వైపు నుంచి చూస్తే అందులో ఏం కనిపిస్తుందో ఈ వ్యాసం చెబుతుంది.

ఈ ప్రాంతంలో అచ్చు పుస్తకాల కంటే ముందు నుంచీ ఉన్న జ్ఞాపకం గంగజాతర. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథలో ఒక పాలెగాడు ఊరి ఆడపిల్లలను చెరుస్తుంటాడు. గంగమ్మ ఎదురుతిరిగితే భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషంలో వెతుకుతూ, చివరికి దొర వేషంలో వాణ్ని పట్టి తల నరుకుతుంది. ఏటా మగవాళ్లు చీరలు కట్టి ఆ కథను వీధుల్లో మళ్లీ నడిపిస్తారు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకూ, కుప్పంలో తిరుపతి గంగమ్మకూ జాతరలు జరుగుతాయి. జాతరను చరిత్ర పత్రంగా చదవడానికి లేదు. అయినా, అధికారం ఉన్నవాడు ఆడవాళ్ల మీద చేసిన దౌర్జన్యాన్ని ఒక సమాజం తరతరాలుగా మర్చిపోకుండా పెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఈ జాతర మీద అమెరికన్ పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో వచ్చింది.

మదనపల్లెలో మార్గరెట్ కజిన్స్

అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టించారు. ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అందులో చదువు చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్‌ను ఈ ఊరు జనగణమన బాణీతో గుర్తు పెట్టుకుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలో ఉన్నప్పుడు ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోవడం, మార్గరెట్ దానికి స్వరం కూర్చడం నిజంగా గొప్ప ఘట్టమే. కాని ఆమె జీవితంలో అది ఒక చిన్న భాగం. మదనపల్లెకు రాకముందే ఆమె రెండుసార్లు జైలుకు వెళ్లింది. స్త్రీలకు ఓటు హక్కు కావాలని లండన్‌లో ప్రధానమంత్రి ఉండే వీధిలో కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు 1910లో హాలోవే జైలు. డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టినందుకు 1913లో టల్లమోర్ జైలు, అక్కడ నిరాహార దీక్ష. 1908లో ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘాన్ని స్థాపించిన వాళ్లలో ఆమె ఒకరు.

అలాంటి మనిషి మదనపల్లెలో ఊరి ఆడవాళ్లను కూడగట్టి సమావేశాలు పెట్టింది. ఆ అనుభవంతోనే 1917 మే 8న అడయారులో డొరొతీ జినరాజదాస తదితరులతో కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపించింది. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండగా భారత స్త్రీల బృందం మద్రాసులో మంత్రి మాంటేగును కలిసి ఓటు అడగడం వెనక ఆమె పూనిక ఉంది. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆస్తి అర్హతలున్న స్త్రీలకు ఓటు వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. ఆమె చొరవతో 1927లో మొదలైన అఖిల భారత మహిళా సభ, బాల్య వివాహాలను అడ్డుకునే 1929 నాటి శారదా చట్టం కోసం గట్టిగా పనిచేసింది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు మార్గరెట్ మూడోసారి జైలుకు వెళ్లింది. ఆ జైలు వెల్లూరులో ఉంది, పలమనేరు నుంచి కనుమ దిగితే దగ్గరే.

ఆమె కథ ఇంత వివరంగా దొరకడానికి కారణం ఆమె రాసుకోవడం. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పత్రిక ‘స్త్రీ ధర్మ’ 1918 నుంచి నడిచింది. భార్యాభర్తల ఉమ్మడి ఆత్మకథ 1950లో అచ్చయింది. మహిళా సభ ఢిల్లీలో ఆమె పేరు మీద గ్రంథాలయం నడుపుతోంది. మదనపల్లెలో ఆమె ఎదురుగా కూర్చున్న తెలుగు స్త్రీల పేర్లు ఆ కాగితాల్లో అంత స్పష్టంగా లేవు. వాళ్లు ఇంటికి పోయి ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరి అత్తగారు రెండో వారం రానివ్వలేదో ఎవరూ రాయలేదు. ఒకే గదిలో జరిగిన చరిత్రలో ఒకవైపు మాత్రమే భద్రంగా ఉంది. ఈ విషయం మీద పనిచేసే వాళ్లను ఎక్కువగా బాధపెట్టేది ఇలాంటి సగం ఖాళీలే.

లెక్క రాసిన తొలి తరం

తెలుగులో ఆడపిల్లలపై జరిగే దౌర్జన్యాన్ని అంకెలతో పట్టి చూపిన తొలి పత్రాల్లో గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకు 1897లో ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఒకటి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించగా మూడేళ్లకు 1,034 తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు 6, ఏడాది పిల్లలు 3. నాటకం ఎన్నిసార్లు చదివినా ఈ అంకెల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అప్పటికి దీన్ని ఎవరూ హింస అనలేదు, ఆచారం అన్నారు. లెక్క మిగిలింది కాబట్టి ఈనాడు మనం దాన్ని దాని అసలు పేరుతో పిలవగలుగుతున్నాం.

స్త్రీలే స్త్రీల చరిత్ర రాయడం భండారు అచ్చమాంబ (1874–1905) ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’తో బలంగా మొదలైంది. ‘హిందూసుందరి’, ‘సావిత్రి’, ‘అనసూయ’, ‘గృహలక్ష్మి’ వంటి పత్రికల పాత సంచికల్లో వితంతువుల బతుకు, బాల్య వివాహం, చదువు గురించి స్త్రీలు రాసిన ఉత్తరాలూ వాదాలూ ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటివి పాత పత్రికలను దాచకపోతే అవీ దక్కేవి కావు.

దేవదాసీ సమస్యలో భద్రపరచాల్సిన గొంతులు ఒకటి కంటే ఎక్కువ. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఆ వ్యవస్థను రద్దు చేసే బిల్లు కోసం శాసనమండలిలో పోరాడారు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది. బెంగళూరు నాగరత్నమ్మ వంటి కళావంతులు మాత్రం ఆ బిల్లు తమ ఆస్తినీ కళనూ గౌరవాన్నీ లాగేస్తుందని మహజర్లు పెట్టారు. రెండు పక్షాల కాగితాలూ ఉంటేనే ఆ చరిత్ర న్యాయంగా చదవగలం. ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో జబ్బు చేసిన ఆడపిల్లను మాతమ్మ దేవతకు మొక్కి వదిలే ఆచారం 1988 నాటి రాష్ట్ర చట్టం తర్వాత కూడా పూర్తిగా పోలేదు. 2017 సెప్టెంబరులో జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలకు దీని మీద నోటీసులిచ్చింది. మాతమ్మలుగా మారిన దళిత స్త్రీలు తమ జీవితం గురించి తాము చెప్పింది విడి విడి ఇంటర్వ్యూల్లో చెదిరి ఉంది. అది ఒకచోట చేరాల్సిన పని.

హైదరాబాదు: వీధి నుంచి పుస్తకం దాకా

ఆధునిక స్త్రీవాద ఉద్యమానికి తెలుగునాట తొలి మెట్టు 1974లో ఉస్మానియా విద్యార్థినులు పెట్టిన ప్రగతిశీల మహిళా సంఘం. కట్నానికీ, అసభ్య పోస్టర్లకూ, వీధిలో ఆడపిల్లల్ని వేధించడానికీ వ్యతిరేకంగా ఊరేగింపులు తీశారు. కట్నం మీద రాష్ట్ర చట్టం 1958లోనే ఉంది, కేంద్ర చట్టం కంటే మూడేళ్ల ముందు. చట్టం పుస్తకంలో ఉంది, కట్నం ప్రతి పందిట్లో ఉంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చి సంఘాన్ని చెదరగొట్టింది.

1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక యువతిపై పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల దోషం తేల్చింది. కేసు రాష్ట్రం దాటి రాయచూరుకు బదిలీ అయ్యింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది. కమిషన్ ముందు విచారణంతా ఆమె శీలం చుట్టూ తిప్పారు. పెళ్లి చెల్లుతుందా, ఆమె ఎలాంటిది అనే ప్రశ్నలు వేశారు. ఆ ప్రశ్నల కాగితాలు మిగిలి ఉండటం వల్లే, తర్వాతి తరం విద్యార్థులు అత్యాచార విచారణ ఎలా సాగేదో తెలుసుకోగలిగారు.

1978 సెప్టెంబరులోనే, మహారాష్ట్రలో స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో సుప్రీం కోర్టు పోలీసులను విడిచిపెట్టింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ దేశమంతా ఉద్యమం లేపింది. 1983లో చట్టం మారింది. కస్టడీ అత్యాచారం ప్రత్యేక నేరమైంది. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరం చేసే 498ఏ సెక్షన్ కూడా అదే ఏడాది వచ్చింది.

హైదరాబాదులో 1978లో ఏర్పడ్డ స్త్రీ శక్తి సంఘటన ఈ పోరాటాలన్నిటిలో ఉంది. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న వంటి వాళ్లు వరకట్న చావుల మీద ఇళ్ల ముందు ధర్నాలు చేస్తూనే ఒక ప్రశ్న వేసుకున్నారు: మన కంటే ముందు ఎదిరించిన వాళ్లు ఏమయ్యారు? ఆ ప్రశ్న వాళ్లను తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల ఇళ్లకు తీసుకెళ్లింది. టేప్ రికార్డరు పెట్టి, గంటల తరబడి విని, మాట్లాడిన యాస పోకుండా రాశారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చయింది. 1989లో ఇంగ్లీషులో వచ్చింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ వంటి వాళ్ల మాటలు అందులో ఉన్నాయి. దొరల గడీల్లో జరిగిన దౌర్జన్యాలే కాక, దళాల్లో ఆడవాళ్లు పడ్డ కష్టం, పోరాటం ఆగిపోయాక కమ్యూనిస్టు పార్టీ ‘ఇంటికి పొమ్మంటే’ వాళ్లకు కలిగిన దిగులు కూడా ఉంది. నాయకుల చరిత్ర పుస్తకాల్లో లేని మాటలవి. ఈ వ్యాసకర్త దృష్టిలో, తెలుగులో స్త్రీల చరిత్ర పరిరక్షణకు ఇంతవరకు ఇంతకు మించిన పాఠ్యగ్రంథం లేదు. ఎందుకంటే చెప్పిన మనిషి నోటిలో మాటను దిద్ది ‘ఉద్యమ భాష’లోకి మార్చలేదు.

ఆ పరంపరలోనే 1985లో అన్వేషి పరిశోధన కేంద్రం, 1991లో అస్మిత ఏర్పడ్డాయి. అస్మిత నుంచి ఓల్గా, వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ కలిసి తెచ్చిన ‘మహిళావరణం’ ఇరవయ్యో శతాబ్దపు తెలుగు స్త్రీలను ఫొటోలతో సహా ఒకచోట చేర్చింది. కొండవీటి సత్యవతి 1993 నుంచి నడిపిన ‘భూమిక’ పత్రిక ఉద్యమ వార్తలకు ఒక నడిచే భాండాగారం. ఆ పత్రిక బృందమే 2006లో హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. అప్పుడు చదివే వాళ్లు ఫోన్ చేసే వాళ్లుగా మారారు.

దూబగుంట

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1991లో జిల్లాలో మొదలైన అక్షరదీపం అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలోని పాఠం వాళ్లను కదిలించిందని అందరూ చెబుతారు. సారా తాగిన మొగుడు రాత్రి కొట్టే దెబ్బలే ఆ ఉద్యమానికి అసలు మూలం. కూలి డబ్బు పోవడం, తన్నులు తినడం ఆ స్త్రీలకు వేరు వేరు సమస్యలు కావు. 1992 అంతా ఉద్యమం జిల్లాలు దాటి పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరులో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. నిషేధం చరిత్రను ఎన్నికల చరిత్రగా బాగానే రాశారు. దూబగుంటలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు నిలిచింది. ఆమెతో పాటు కట్టెలు పట్టుకుని నిలబడ్డ వందల ఊళ్ల ఆడవాళ్ల పేర్లు నిలవలేదు. 1993లోనే అన్వేషి బృందం ఊళ్లకు వెళ్లి రాసిన వ్యాసం లేకపోతే, ఇది తాగుడు సమస్యగానే మిగిలి, ఇంటి హింస మీద తిరుగుబాటుగా కనిపించేది కాదేమో.

ఎవరి చరిత్ర

1985 జూలై 17న కారంచేడులో దళితుల ఊచకోతకు ముందు, చెరువు దగ్గర ఒక దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆ బిందె దళిత ఉద్యమానికి గుర్తయ్యింది. స్త్రీవాద చరిత్రలో దానికి చోటు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. మధ్యతరగతి హైదరాబాదు ఉద్యమం తమను చూడలేదని దళిత స్త్రీలు నేరుగా అన్నారు, తమ చరిత్ర తామే కూర్చుకున్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ (2003), జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి తెచ్చిన ‘నల్లరేగటి సాల్లు’ (2006) ఈ పనిలో మైలురాళ్లు.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో పోలీసు బలగాలు తమపై సామూహిక అత్యాచారం చేశాయని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. పదహారేళ్లు వాళ్లు ఆ మాట మీదే నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. తీర్పు ఒక్కటే మిగిలితే రేపటి చదువరికి ‘నిర్దోషులు’ అనే మాట మిగులుతుంది. హక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, విలేకరుల కథనాలు పక్కన ఉంటేనే పదహారేళ్ల ఓర్పు కనిపిస్తుంది.

పేరు, కాగితం, వీడియో

ఈ వ్యాసంలో నల్లకుంట కేసులోని స్త్రీ పేరు రాయలేదు. ఆ కేసు ఆమె పేరుతోనే చరిత్రలో ఉంది. 1983లో వచ్చిన 228ఏ సెక్షన్ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72) అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదంటుంది. భాండాగారాలు నడిపే వాళ్లకు ఇది కష్టమైన ముడి. పేరు తీసేస్తే మనిషిని మళ్లీ చెరిపినట్టవుతుంది, పేరు పెడితే ఆమె పిల్లలు ఊళ్లో తలెత్తుకోలేని స్థితి రావచ్చు. మంచి పద్ధతి ఆమెనే అడగడం. ఈ రోజు ఒప్పుకున్నా రేపు వద్దనే హక్కు ఆమెకు ఉండాలి. ముంబయిలో రచయిత్రి సి.ఎస్. లక్ష్మి 1988లో మొదలుపెట్టిన స్పారో వంటి స్త్రీల శబ్ద, చిత్ర భాండాగారాలు నడుస్తున్నాయి కాబట్టి ఈ పద్ధతులను కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

కాగితం ఎంత పెళుసో మదనపల్లెకు తెలుసు. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. అవి ఎక్కువగా భూముల దస్త్రాలు కాబట్టి రాష్ట్రమంతా అట్టుడికింది, ఉన్నతాధికారులు హెలికాప్టర్‌లో దిగారు. ఒక మహిళా సంఘం బీరువా చెదలు పట్టిపోతే ఆ ఊరికే తెలియదు.

కాగితం పోతుంది, వీడియో పొమ్మన్నా పోదు. 2025 జూన్‌లో కుప్పం మండలంలో, భర్త చేసిన అప్పు తీర్చలేదని ఒక స్త్రీని అందరి ముందు చెట్టుకు కట్టేశారు. ఆ దృశ్యం ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగింది. అరెస్టులు జరగడానికి ఆ వీడియో సాయపడింది. కాని ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే ఆమె చెట్టుకు కట్టి ఉన్న బొమ్మే దొరుకుతుంది. ఆమె కట్లు విప్పాక ఏం మాట్లాడిందో, ఎవరు ఆమెతో స్టేషన్‌కు నడిచారో కూడా అంతే పదిలంగా దాచకపోతే, మనం భద్రపరిచింది ఆమె అవమానాన్ని మాత్రమే.

మండలం స్థాయిలో

పుంగనూరు, పలమనేరుల మధ్య ఉన్న పెద్దపంజాణి వంటి మండలం నుంచి హైదరాబాదు చాలా దూరం, బెంగళూరు దగ్గర. కుప్పం అమ్మాయిని కోలారుకో కృష్ణగిరికో ఇస్తారు. హింస జరిగితే కేసు అక్కడే, కన్నడంలోనో తమిళంలోనో నమోదవుతుంది. ఆ పుట్టింటి కథ తెలుగు రికార్డుల్లోకి రానే రాదు. బెంగళూరులో 1979 నుంచి పనిచేస్తున్న విమోచన అనే మహిళా సంస్థ పెళ్లయిన ఆడవాళ్ల అనుమానాస్పద మరణాలను ఏళ్ల తరబడి వెంటాడి రాసిపెట్టింది. ఈ ప్రాంతపు చరిత్ర వెతికే వాళ్లు మూడు రాష్ట్రాల కాగితాలూ తిరగేయాలి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. నాలుగు ద్రావిడ భాషలూ చదివే వాళ్లు ఒకే ప్రాంగణంలో దొరికే ఇలాంటి చోటు ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. తిరుపతిలో 1983లో ఏర్పడ్డ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మరో దగ్గరి దిక్కు.

మండలంలో దొరికే అసలు నిధి పొదుపు సంఘాల తీర్మానాల పుస్తకాలు. 2000లో మొదలైన వెలుగు పేదరిక నిర్మూలన పథకపు తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఆ తర్వాత మండల సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు, కుటుంబ సలహా కేంద్రాలు ఏర్పడ్డాయి. మొగుడు కొట్టాడని వచ్చిన మనిషి మాట వినడం, అవతలి వాళ్లను పిలిపించడం, బాల్య వివాహం ఆపడానికి పెళ్లింటికి పోవడం ఈ కమిటీల ఆడవాళ్లు చేసిన పనులు. వాళ్లెవరూ తమను స్త్రీవాదులమని చెప్పుకోరు. అప్పు వాయిదాలు, పావలా వడ్డీ లెక్కల మధ్య ఒక్కో పేజీలో ఇలాంటి పంచాయితీ నాలుగు వరుసల్లో ఉంటుంది. లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కాక ఈ పుస్తకాలను ఎవరూ అడగడం లేదు. కట్టగట్టి అటక మీద పెడతారు, లేదా పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తారు. ఆ నాలుగు వరుసల కింద హాజరైన సభ్యుల గుర్తులుంటాయి. పాత పేజీల్లో నీలం సిరా వేలిముద్రలు, కొన్నేళ్ల తర్వాతి పేజీల్లో అదే పేరుకు ఎదురుగా, వంకర్లు పోతున్నా ఒత్తి రాసిన సంతకాలు.